ఎడమ బ్రేకు

సైకిలు పోయింది సార్, రాసుకోండి.
లీలామహల్ కాడ, హాస్టలు గోడ పక్కన.
తెల్లారి నాలుగుంపావుకి తాళమేసి లోపలికి పోయినా,
పదకొండుకి సాంబారు గుండాలు కడిగి బయటికొస్తే
తాళం ఉండాది, సైకిలు లేదు.
కోసిన గొలుసు ఇదో,
చెంగున ముడేసుకోనొచ్చినా.

పేరు దేశమ్మ.
మొగుని పేరెందుకు సార్, సైకిలు నాది.

రంగా?
ఒకప్పుడు నీలం.
మా ధరణికి బడిలో ఇచ్చింది.
అది పాలిటెక్నిక్కుకి పోయినంక నాకొచ్చింది,
నలభయ్యో ఏట.
మంగళం క్వార్టర్స్ సందులో
వెనక సీటు పట్టుకోని పరిగెత్తింది బిడ్డ.
పట్టుకోనే ఉందనుకోని తొక్కతా పోయినా,
సందు చివర తిరిగి చూస్తే
అది యాడో అంత దూరాన
చప్పట్లు కొడతా ఉండాది.
ఇది రాయొద్దులే సార్.

బిల్లు లేదు.
ఫ్రేము కింద నంబరుంటాదంట,
ఎవురు వొంగి చూసినారు?
గుర్తులు చెప్తా.
వెనక మడ్‌గార్డుకి ఎర్ర స్టిక్కరు, సగం చిరిగింది.
సీటుకి ఆకుపచ్చ చీరపేలిక.
బెల్లు మోగదు, నేనే నోటితో
‘జరగండి నాయనా’ అంటా పోతా.

నాలుగ్గంటలకి కరకంబాడి రోడ్డు
మీరు చూసుంటారు.
రాత్రంతా తోలుకోనొచ్చిన కార్లు,
లోపల గుండు కొట్టించుకోబోయే పిల్లోళ్ళు
తల్లి ఒళ్ళో నోరు తెరిచి నిద్రపోతా.
మలుపు తిరిగితే కొండ, కొండ మీద లైట్లు.
డ్రైవరు రెండు చేతులూ ఎత్తి మొక్కుతాడు.
అప్పుడు స్టీరింగు
ఎవురి చేతిలో ఉంటాది సార్?

తెల్లగీత దాటి మట్టిలోకి దిగి
ఒంటికాలి మీద నిలబడుకుంటా.
వాళ్ళ దండం అయిపోయినంక మళ్ళీ ఎక్కుతా.
పోయిన కార్తీకంలో ఒకాయన
దండం ముగించే లోపల
పేపరేసే పిలగాడు కాలవలో పడినాడు.
పేపర్లు ఏరిచ్చినా.
తడిసినవి ఎవురూ తీసుకోరక్కా అని ఏడిచినాడు,
మోకాలు సంగతి ఎత్తనే లేదు.

‘పాత సైకిలే కదమ్మా’ అన్నారు మీరు సోమవారం.
మళ్ళీ ఎందుకొచ్చినానంటే,
ఒక గుర్తు చెప్పలేదు.

ఎడమ బ్రేకు లేదు.
వైరు తెగి రెండు నెల్లయింది.
నూటిరవై అవుతాదన్నాడు మహబూబ్ బాషా,
ఒకటో తేదీ అన్నా నేను.
రెండు ఒకటో తేదీలు పోయినాయి.
కుడిది ఒకటే పట్టినామంటే
ముందు చక్రం బిగిసి మనిషిని ఎత్తేస్తాది.
కాలు రోడ్డుకి ఆనించి, రాసి, ఆపల్ల.
నా ఎడమ చెప్పు చూడండి,
కుడిదానికీ దీనికీ పొంతన ఉందా?

పోయిన దినం
వాని చేతులు పడిపోను అని తిట్టినా,
వంటింట్లో అందరూ వినేటట్టు.
రాత్రి పడుకుంటే ఆ చేతులే కనబడినాయి.
సన్నగా, గోళ్ళలో గ్రీసు,
నా హ్యాండిలు పట్టుకోని.
ముందర లారీ.
కుడి చెయ్యి బిగించినాడు.

అందుకని అడగతా ఉండా సార్,
యాక్సిడెంటు కేసేమన్నా వచ్చిందా?
నీలం సైకిలు, ఎర్ర స్టిక్కరు.
మీ వెనక పెరట్లో చూసుకున్నా,
తీగలల్లుకున్నాయి ముప్పై నలభై ఉండాయి,
నాది లేదు.
రుయాలో అడిగినా, పేరు చెప్పమన్నారు.
దొంగ పేరు నాకేం తెలుసు?

నవ్వుకోండి. హాస్టల్లోనూ నవ్వినారు.
గోడ మీద, తాళమేసిన చోట
పొయ్యిబొగ్గుతో రాసినా,
వాడు మళ్ళీ ఆ దారిన వస్తే చదవతాడని:

ఎడమ బ్రేకు లేదు
కాలు ఆనించు
మలుపు కాడ దిగు

వార్డెను సున్నం కొట్టించినాడు.
మళ్ళీ రాసినా.

ఇప్పుడు నడిచే పోతా ఉండా,
మూడుకే లేసి.
మలుపు వస్తే మట్టిలోకి దిగతా,
సైకిలున్నప్పటి మాదిరే.
వెనక చైను చప్పుడైతే ఆగి,
వచ్చేవాని కాళ్ళ వంక చూస్తా.